కానుగలదిన్నె కరెంటు కంబాలు

చాగలమర్రి క్యాంపు,
10-2-1958

అక్కకు,

నువ్వు కోపంగా ఉన్నావని తెలిసే రెండు నమస్కారాలు ఎక్కువ పెడుతున్నాను. "తిని పోరా" అని నువ్వు గడపలో నిలబడి పిలుస్తుండగా జీపెక్కి వచ్చేయడం తప్పే. ఏం చేయను? ఇంజనీరుగారు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. నువ్వు పూర్ణం పెట్టి కాల్చిన ఆ ఓళిగల వాసన జిల్లా దాటేదాకా నా వెంట వచ్చింది. ఇక్కడ గుడారంలో ఆ పూట చెనిక్కాయలు నమిలి పడుకున్నాను. నీ శాపం తగిలిందనుకుని సంతోషించు.

నింపాదిగా కూర్చుని నీకూ బావకూ చెప్పాలనుకున్న సంగతి ఒకటుంది. పోయిన ఏడాది ఎండాకాలం గాలులకు మన కానుగలదిన్నె లైను మూడుసార్లు పడింది. పడిన ప్రతిసారీ నీళ్ల మోటారు ఆగింది, మీరు బిందెలెత్తుకుని కుందూ ఏటి ఇసుకలో చెలమలు తవ్వుకున్నారు. ఇంజనీరుగారికి విసుగెత్తిపోయింది. ఈసారి నా మాట మీద లైనంతా కొత్తగా వేయించారు కానీ ఒక షరతు పెట్టారు. "ఈ వేసవి గాలులకు నిలబడితే మోటారు మీ ఊళ్లోనే ఉంటుంది. పడిందంటే మోటారు ఊడదీసి గడ్డమీదపల్లెకు ఇస్తాను. వాళ్లది గట్టి నేల, అర్జీ పెట్టి కూర్చున్నారు" అన్నారు.

నేను చేయగలిగిందంతా చేశాను. గుంతలు అయిదడుగుల లోతు చేయించాను. తవ్విన రేగడే మళ్లీ వేయకుండా రాళ్లు కూరించాను. మిగిలింది మీ వంతు. లైను మీదికి వచ్చే చింతకొమ్మలు బావ చేత కొట్టించు. వచ్చే సోమవారం కరెంటు వదులుతాము. అంతవరకు భయం లేదు కానీ, వదిలాక కంబాల జోలికి ఒక్కరూ పోకూడదని దండోరా వేయించు.

నీ చేతి తిండి వదులుకుని వచ్చిన
తమ్ముడు,
కంబన్న


కానుగలదిన్నె,
24-2-1958

చిరంజీవి కంబన్నకు,

అక్క దీవిస్తూ, తిడుతూ రాసేది. ఆ ఓళిగలు మీ బావ తిన్నాడు. నీ వంతువి కూడా తిని "నీ తమ్ముడు శానా మంచోడు జీవమ్మా, తరుచుగా ఇట్లే వచ్చి తినకుండా పోతాంటే బాగుంటాది" అన్నాడు. ఇది ఆయన ముందే రాస్తున్నాను.

సోమవారం కరెంటు వచ్చింది. మోటారు తిరిగింది. కొళాయి కింద మొదటి బిందె ఎవరిదన్న దానికి తగవు. చివరికి మన పెద్దత్త లక్ష్మీదేవమ్మ, కళ్లు కనపడని మనిషి, నడిచి వచ్చి కొళాయి కింద చెయ్యి పెట్టి "ఏరు మళ్లా ఊళ్లేకొచ్చిందిరా" అన్నది. ఆమెకే మొదటి బిందె ఇచ్చాము. నాకు పుట్టినిల్లూ మెట్టినిల్లూ ఒకే వీధిలో ఉంటే ఏం లాభమని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇప్పుడు ఆ వీధి చివరే నీళ్లు. ఇంతకంటే నాకు ఏ వైభోగమూ అక్కర్లేదు.

చింతకొమ్మలు కొట్టించాము. కరెంటు వదిలాక ముట్టుకోవద్దన్నావు కదా, అందుకని కంబాలకు జరగవలసిన మర్యాద ఆదివారమే జరిపించాము. ఊరి ఆడపడుచుగా ఆ పని నేనే చేశాను. పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొట్టి, పొలాల వెంబడి కంబం కంబానికీ తిరిగేసరికి కాళ్లు పడిపోయాయి. నీ పేరే కంబన్న కదా, కంబాలన్నీ నా మేనల్లుళ్లని ఊరంతా నవ్వులు.

ఇంకో మాట. మీ మనుషులు ఎంత అజాగ్రత్తపరులురా! సర్కారు సామాను పొలాల్లోనే వదిలేసి పోయారు. ఒక్కటి కూడా పోకుండా అన్నీ ఏరించి, తుప్పు పట్టకుండా ఆముదం రాయించి మా అటక మీద పెట్టించాను. వచ్చినప్పుడు తీసుకుపో.

మేనల్లుళ్ల మంచిచెడ్డలు చూసుకుంటున్న
నీ అక్క,
జీవమ్మ


అహోబిలం,
12-3-1958

అక్కకు,

తిరునాళ్ల దీపాల డ్యూటీ మీద ఇక్కడికి వచ్చాను. కొండ గాలికి బల్బులు ఊగుతున్నాయి, జనం దేవుణ్ని చూసి, బల్బుల్ని చూసి, మళ్లీ దేవుణ్ని చూస్తున్నారు. నీ పేరు మీద కూడా ఒక దండం పెట్టాను.

కంబాలకు పూజ చేశావన్నావు. మంచిదే, నీ చేతి పసుపు తగిలితే గాలి కూడా కొంచెం జంకుతుంది. సామాను సంగతి మా మేస్త్రీ ఉరుకుందును అడిగితే "గడ్డపారలు, తట్టలు అన్నీ లెక్క సరిపోయినాయప్పా" అన్నాడు. పోయినా పోయిందని చెప్పే రకం కాదులే. అటక మీదే ఉండనీ, ఎండాకాలం దాటాక తీసుకుంటాను. నీ దగ్గర ఉంటే బొక్కసంలో ఉన్నట్టే.

నీకు ఒక మంచి మాట చెప్తాను. ఇన్నాళ్లూ మనకు కరెంటు చాగలమర్రి వైపు నుంచి మాత్రమే వచ్చేది. ఇప్పుడు మైదుకూరు వైపు నుంచి కూడా ఒక లైను తెచ్చి మన ఊరి దగ్గర కలిపాము. ఇంటికి ముందు వాకిలీ, పెరటి వాకిలీ ఉన్నట్టన్నమాట. ఒక పక్క తెగిపోతే రెండో పక్క నుంచి వస్తుంది. అటూ ఇటూ ఉన్న పల్లెలకు కూడా మన ఊరి మీదుగానే అందుతుంది. కాబట్టి మన పొలాల్లో కంబాలు పడితే మనకే కాదు, వాళ్లందరికీ పెరటి వాకిలి మూసుకుపోయినట్టే. ఇంజనీరుగారు మే నెలాఖరుకు వచ్చి చూస్తారు. అంతదాకా నాకు కంటి నిండా నిద్ర ఉండదు.

బావను అడిగానని చెప్పు. ఓళిగల లెక్క తర్వాత తేలుస్తానని కూడా చెప్పు.

తమ్ముడు,
కంబన్న


కానుగలదిన్నె,
27-4-1958

కంబన్నా,

నాయనా, ఎలా రాయాలో తెలియడం లేదు. నిన్న మధ్యాహ్నం గాలి వచ్చింది. వాన పది చినుకులు కూడా పడలేదు కానీ గాలి మాత్రం ఊరి మీద పగబట్టినట్టు వచ్చింది. సోమిరెడ్డి చేను మొదలుకొని మన నల్లచేను దాకా కంబాలు కొన్ని ఒరిగాయి, కొన్ని పూర్తిగా పడుకున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేవుడి దయ. ఇంతే రాసి మడిచేద్దామనుకున్నాను కానీ నాకు ఏడుపు ఆగడం లేదు.

రేగడి నెర్రెలు విచ్చి చెయ్యి దూరేంత సందులు పడ్డాయి. కంబాలు వారం నుంచే ఊగే పళ్ల మాదిరి ఉన్నాయట. మీ బావ చూశాడట, నాకు చెప్పలేదు. మళ్లీ బిందె నెత్తికెత్తాము.

దీనికి తోడు, పోయిన శనివారం మైదుకూరు సంతలో ఆ గడ్డమీదపల్లె రత్నమణి కనపడింది. నాతోపాటు అయిదో తరగతి చదివింది కదా, ఆ చనువు. నలుగురిలో నిలబెట్టి, "ఏం జీవమ్మక్కా, మీ మోటారు మా ఊరికొస్తాండాదంట గదా! బాగ కడిగి పంపీ, దుమ్ముంటాది" అంది. "మీ ఊరికి మోటారెందుకు, నీ నోటికి చక్రాలు కడితే చాలు, అదే నీళ్లు తోడుతాది" అని వచ్చేశాను. ఆ మాట అన్న వారానికే కంబాలు పడ్డాయి. ఇక సంతకు ఏ మొహం పెట్టుకుని పోను?

మీ ఇంజనీరుకు ఇంకా తెలియకపోతే తెలియనివ్వకు. తెలిసి ఉంటే ఏదో ఒకటి చెప్పు. మోటారు మాత్రం పోనివ్వకురా.

అక్క


ఆళ్లగడ్డ,
4-5-1958

అక్కకు,

ఇంజనీరుగారికి తెలిసింది. నన్ను పిలిచి నిలబెట్టి అడిగారు. "అన్ని ఊళ్లలో నిలబడిన లైను మీ ఊళ్లోనే ఎందుకు పడింది?" అన్నారు. కనుక్కుని చెప్తానని వచ్చేశాను.

జవాబు నిన్న ఉరుకుందు రాసిన కార్డులో దొరికింది. గాలి తర్వాత మన ఊరికి పోయి, పడిన కంబాలు నిలబెట్టి కరెంటు ఇచ్చి వచ్చాడు కదా. మన పొలాల్లో ఒక్క కంబానికి కూడా స్టే తీగ లేదట! అదేమిటో నీకు తెలియదు కాబట్టి చెప్తాను. కంబం నెత్తి నుంచి ఏటవాలుగా నేలకు లాగి, కింద పాతిన బండకు బిగించిన లావుపాటి ఇనుప తీగ. గాలి ఈ పక్క నుంచి తోస్తే అది ఆ పక్క నుంచి పట్టుకుంటుంది. ఎండలకు రేగడి విచ్చి కంబాన్ని వదిలేసినప్పుడు దాన్ని నిలబెట్టేది ఆ తీగే. పాత లైనుకు అవి లేవు, ఈసారి దగ్గర నిలబడి నేను కట్టించినవి. ఎవరో దొంగిలించారు అక్కా.

ఎవరో కూడా ఊహించగలను. ఉరుకుందు తీగల సంగతి కిరాణా కొట్టు కేశవయ్యను అడిగితే, "నాకేమెరుక, పోయి జీవమ్మనడుగు" అని నవ్వాడట. నువ్వు అప్పుడు ఏటికి పోయి ఉన్నావు. ఇంట్లో లేని ఆడమనిషి మీదికి తోసి తప్పించుకోవడం చూశావా! కరెంటు పోతే కిరసనాయిలు అమ్ముడుపోయేది ఎవరికి? పాత ఇనుము కొనేది ఎవరు? నేను పోలీసు కంప్లయింటు రాసి పెట్టుకున్నాను. బావను అడిగి, కేశవయ్య కొట్టు వెనక గోడౌను ఒకసారి చూడమను. ఈ ఉత్తరం ఎవరికీ వినిపించవద్దు.

మోటారు ఊడదీయడానికి ఆర్డరు తయారవుతోంది. నెలాఖరు తనిఖీ దాకా ఆపమని కాళ్లావేళ్లా పడ్డాను.

కంబన్న


కానుగలదిన్నె,
8-5-1958

కంబన్నకు,

వినిపించవద్దని ఉత్తరం చివర్న రాస్తే ఎట్లా? మీ బావ అరుగు మీద కూర్చుని గొంతెత్తి చదివాడు. పక్కన తమలపాకులు నములుతూ కేశవయ్యే ఉన్నాడు. కిరసనాయిలు దాకా వచ్చాక మీ బావ గొంతు సన్నబడింది కానీ అప్పటికే అయిపోయింది. కేశవయ్య లేచి నిలబడి మీ బావతో, "ఏమప్పా పుల్లయ్యా, ఇనుప తీగలు మింగి బతికేటోని మాదిరి కనపడతాండానా నేను?" అన్నాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

ఒరే, దొంగ కేశవయ్య కాదు. దొంగే లేడు. ఆ తీగలు మా అటక మీద ఉన్నాయి. నేను ఫిబ్రవరిలోనే నీకు రాశాను కదా, మీ వాళ్లు వదిలేసిన సామాను ఆముదం రాయించి పెట్టానని! ఉండనీ అని నువ్వే రాశావు. బొక్కసం అని కూడా రాశావు. ఆ ఉత్తరం నా పెట్టెలో ఉంది, పోలీసులు వస్తే వాళ్లకే చూపిస్తాను.

ఎందుకు విప్పావని అడగబోతున్నావు కదూ! ఎందుకు విప్పను? నువ్వు ఈ ఊళ్లో పుట్టలేదా? గుడి ముందు దీపస్తంభం ఎత్తినా, పెళ్లి పందిట్లో రాట నాటినా, నాలుగు పక్కలా మోకులు కట్టి నిలబెడతాము. కంబం కాలూనాక ఊరి ఆడపడుచు పసుపూ కుంకుమా పెట్టి ఆ మోకులు విప్పుతుంది. విప్పకుండా వదిలేస్తే, మీ మన్ను కంబాన్ని కూడా మోయలేదని ఊరిని వెక్కిరించినట్టే. మన అమ్మ దీపస్తంభానికి మోకులు విప్పిన రోజు నువ్వు బెల్లం ముక్క కోసం ఏడ్చావు. ఇనుప మోకులైతే మాత్రం మోకులు కావా? చింతచెట్లెక్కే ఆంజనేయను కంబాలెక్కించి, కరెంటు రాకముందే, సర్కారు సొత్తు ఒక్క మూర కూడా పోకుండా దింపించాను. నా తమ్ముడి కొత్త కంబాలకు ఏ లోటూ జరగకూడదని ఎండలో పొలమంతా తిరిగాను. ఏటవాలు తీగ దేనికో నాలుగు మాటలు చెప్పి పోవాల్సిన వాడివి, జీపెక్కి పోయావు.

నోరు చేసుకుంటున్నాను కానీ రాత్రి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. నా చేత్తో నేనే ఊరి నీళ్లు ఆపినట్టయింది. ఏం చేయాలో చెప్పు, చేస్తాను.

జీవమ్మ


ఆళ్లగడ్డ,
11-5-1958

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు తల పట్టుకున్నాను, తర్వాత నవ్వాను. ఎంత నవ్వానంటే పక్క గుడారం వాళ్లు నీళ్లు తెచ్చారు. నువ్వు అడిగినది నిజమే, నేను ఆ ఊరివాణ్నే. మోకులు చూస్తే మన వాళ్లకు ఏమి తోస్తుందో నాకే తట్టి ఉండాలి. కంప్లయింటు చించేశాను. కేశవయ్యకు విడిగా ఉత్తరం రాశాను. వచ్చి కాళ్లు పట్టుకుంటానని చెప్పు.

ముద్ద దిగకపోవడమేమిటి? తిను. పని ఉంది. ఉరుకుందును, గ్యాంగును రేపే పంపుతున్నాను. కరెంటు ఆపి, ఒరిగిన కంబాలు సరిచేసి తీగలు మళ్లీ కడతారు. వాళ్లు కట్టేటప్పుడు ఊరివాళ్లు చుట్టూ ఉండి చూడాలి, అది దేనికో అందరికీ తెలియాలి. ఆ తీగలకు ఎద్దులను కట్టకూడదు, చేను దున్నే గుంటక తగలకూడదు. ఇంజనీరుగారు ముప్పయ్యో తేదీ వస్తున్నారు. ఆలోపల మళ్లీ గాలి వస్తే ఏమవుతుందో నేను ఆలోచించదలచుకోలేదు. నన్ను మాత్రం ఇక్కడి నుంచి కదలనివ్వడం లేదు.

కంబన్న


కానుగలదిన్నె,
31-5-1958

చిరంజీవి కంబన్నకు, కంబాలన్నింటికీ అక్క దీవెనలు.

నిలబడ్డాయిరా! ముందు ఆ మాట రాసేశాను. ఇప్పుడు వరసగా చెప్తాను.

ఉరుకుందు వచ్చిన రోజు తీగలు అటక మీద నుంచి దింపాము. ఆముదం పూసి ఉంటే చూసి "మా స్టోర్లో గూడ ఇంత సక్కంగ పెట్టరమ్మా" అన్నాడు. కానీ కట్టబోయే వేళకు మన సుబ్బయ్య పెదనాయన అడ్డం పడ్డాడు. "ఆడబిడ్డ ఇప్పిన కట్టు మళ్లా కట్టేది యాడన్నా ఉండాదా? ఊరికి మంచిది గాదు" అన్నాడు. పెద్దలంతా ఆయన వెనక నిలబడ్డారు. గ్యాంగు మనుషులు తీగలు పట్టుకుని నా మొహం చూస్తున్నారు. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, "పెదనాయనా, మోకులు కంబం కాలూనేదాకా. ఇవి గాలితో కొట్లాడే కంబాలు. గాలి ఉన్నన్నాళ్లు వీటికి కట్లు ఉంటాయి. గాలి సచ్చిపోయిన దినం నువ్వు చెప్పు, నేనే వచ్చి ఇప్పుతా" అన్నాను. ఆయన ఒక తీగను చేత్తో లాగి చూసి, "అట్లయితే ఆడబిడ్డలే దగ్గరుండి కట్టించాల" అన్నాడు. అదీ మంచిదే అయింది. ఏ చేనులో కంబం ఉంటే ఆ ఇంటి ఆడపడుచు దానికి పెద్ద. తీగ చుట్టూ కంప నాటించింది ఆమె, ఎద్దులు రాసుకోకుండా చూసుకునేది ఆమె, నెర్రె విచ్చితే రాళ్లు కూరించేది ఆమె. గుంటక తోలేవాళ్లకు దూరం నుంచే కనపడాలని తీగలకు పూయడానికి కేశవయ్య తన కొట్టులోని సున్నం ఇచ్చాడు. ఇస్తూ, "దొంగ సున్నం అని రాయొద్దని చెప్పమ్మా మీ తమ్మునికి" అన్నాడు.

ఇక మొన్నటి సంగతి. పొద్దున్నుంచీ ఊపిరాడని ఉక్క. మధ్యాహ్నం దాటాక పడమటి దిక్కున ఎర్రగా లేచింది. ఏప్రిల్ గాలి దీని ముందు విసనకర్ర. కేశవయ్య కొట్టు రేకులు లేచి చెరువు కట్ట అవతల పడ్డాయి. మా గడ్డివామి సగం పక్క ఊరికి దానం అయింది. తర్వాత వడగండ్లు. ఇంట్లో దాక్కోవాల్సిన ఆడవాళ్లందరూ ఏం చేశారనుకున్నావు? తలుపు సందుల్లోంచి ఎవరి కంబాన్ని వాళ్లు చూస్తూ కూర్చున్నారు. "మాది నిలబడుండాది! మీదో?" అని ఆ హోరులో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కేకలు. నేను మన నల్లచేను మూల కంబం మీద నుంచి చూపు తిప్పలేదు. తీగ బిగుసుకుని వణుకుతోంది, కంబం మాత్రం అంగుళం కదల్లేదు. మీ బావ నా వెనక నిలబడి నవ్వబోయి మానుకున్నాడు. ఆయన కళ్లలోనూ నీళ్లున్నాయి.

గాలి తగ్గాక కొళాయి తిప్పితే నీళ్లు రాలేదు. చాగలమర్రి పక్క ఎక్కడో చెట్టు పడిందట. కాసేపటికి ఉరుకుందు నువ్వు చెప్పిన పెరటి వాకిలి తెరిచాడు. మోటారు హుమ్మని లేచింది. వీధంతా ఒక్క అరుపు! వడగండ్లు తొక్కుకుంటూ పిల్లా పెద్దా కొళాయి దగ్గరికి పరుగు. నిండిన బిందెలు కూడా ఒంపేసి మళ్లీ పట్టుకున్నారు, వస్తున్నాయా లేదా అని.

నిన్న ఇంజనీరుగారు వచ్చారు. చాగలమర్రి బంగళాలో గాలి రోజు నుంచి దీపం లేదట, ఇక్కడ వెలుగుతుంటే వింతగా చూశారు. కంబాలన్నీ తిరిగి చూసి, కొళాయి దగ్గర ఆగి రెండు చెంబుల నీళ్లు తాగి, జీపెక్కి వెళ్లిపోయారు. మోటారు గురించి నీతో ఏమన్నారు? వెంటనే రాయి.

నీ అక్క,
జీవమ్మ

(బావ చేర్చినది: ఓళిగలు మళ్లీ చేయించినాను. ఈసారి నీ వంతు నిజంగానే ఉండాది. తొందరగా వస్తే.)


ఆళ్లగడ్డ,
4-6-1958

అక్కకు,

మోటారు మీదే. ఆర్డరు నా కళ్లముందే రద్దు చేశారు. గాలి రోజు మన లైను నిలబడడం వల్ల చాగలమర్రి పక్క పల్లెలకు కూడా మన ఊరి మీదుగానే కరెంటు పోయిందట. "ఆ ఊళ్లో ఏం చేశారయ్యా?" అని అడిగారు. అటకా ఆముదమూ దాచకుండా అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. ఇకమీదట లైను వేసిన ప్రతి ఊళ్లోనూ జీపెక్కే ముందు ఊరందర్నీ పిలిచి ఏ తీగ దేనికో చెప్పి రావాలని రాసుకున్నారు. తర్వాత మాత్రం, ఫైలు మూసి, చాలాసేపు నవ్వారు.

నీకు ఇంకో సంతోషం కూడా. గడ్డమీదపల్లె అర్జీ వెనక్కి పోయింది. వాళ్లకు మోటారు లేదు కాబట్టి లైను వేయడం లేదట. లైను లేదు కాబట్టి మోటారు కూడా ఇవ్వరట. రెండు మూడేళ్ల దాకా ఆ ఊసు ఉండదు. ఇక సంతలో నీకు ఎదురే లేదు.

ఇరవై రోజుల్లో వస్తాను. బావను ఓళిగలకు దూరంగా కట్టేయి. అవసరమైతే స్టే తీగ వాడుకో.

తమ్ముడు,
కంబన్న


కానుగలదిన్నె,
14-6-1958

కంబన్నకు,

మోటారు నిలబడిందన్న కబురు విని ఊరంతా బెల్లం పంచాము. మరునాడు నేను, చెప్పడానికేం సిగ్గు, గొప్పలు చెప్పుకోవడానికే గడ్డమీదపల్లెకు బయలుదేరాను. ఏమేమి అనాలో దారి పొడుగునా నెమరేసుకున్నాను.

ఊరి మొదట్లోనే రత్నమణి ఎదురైంది. ఏటి గడ్డ ఎక్కుతోంది. నిలువు గడ్డ అది, నువ్వు చూశావు. నెత్తిన రెండు బిందెలు, చంకన ఒకటి. కాలు జారకుండా వేళ్లతో మన్ను పట్టుకుని ఎక్కుతోంది. నన్ను చూసి ఆయాసంలోనే, "గెలిచినావంట గదా జీవమ్మక్కా, బెల్లమేది?" అంది. నేను నెమరేసుకున్న మాటలన్నీ ఆ గడ్డ కిందే వదిలేశాను. చంకన బిందె అందుకుని ఆమె వెనకే గడ్డ ఎక్కాను. ఇంటికి పోయాక చూసుకుంటే, వాళ్ల ఊరికి గట్టి నేల ఉన్నందుకు వాళ్ల మీద నాకు ఇన్నాళ్లూ ఉన్న మంట దేనికో నాకే అర్థం కాలేదు. నీళ్లు మనకు వచ్చినంత మాత్రాన ఆ గడ్డ ఎక్కేవాళ్లు లేకుండా పోలేదు కదరా.

మరునాడు రత్నమణిని మన ఊరికి పిలిపించాను. కొళాయి తిప్పి, చేతులు కింద పెట్టమన్నాను. పెట్టింది. నోరున్న మనిషి, నీళ్లు మోచేతుల దాకా కారుతుంటే ఊరికే నవ్వుతూ నిలబడింది. నాకు ఆగలేదు, ఇద్దరం కలిసి ఏడ్చాము, తర్వాత ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు చల్లుకున్నాము. మీ బావ చూసి, "నీళ్లు అగ్గువయినాయా?" అని కేకలేశాడు.

లైను లేదు కాబట్టి మోటారు లేదన్నారు కదా మీ వాళ్లు. మేము ఆ సంగతి ఆలోచించాము. మన నల్లచేను చివరి కంబం నుంచి గడ్డమీదపల్లె దాకా, నువ్వు మొదటి ఉత్తరంలో రాసినంత లోతున, రెండు ఊళ్ల ఆడవాళ్లం, మగవాళ్లం కలిసి గుంతలు తవ్వేశాము. ఉరుకుందు వచ్చి సూటిగా ఉన్నాయో లేదో చూసి తాడు పట్టి సరిచేశాడు. ప్రతి గుంత పక్కనా కూరడానికి రాళ్లు కుప్ప పోశాము, కట్ల కింద పాతడానికి బండలు తెచ్చి పెట్టాము. ఏ కంబానికి ఏ ఆడబిడ్డో కూడా పంచుకున్నాము. గడ్డ మీద చివరి కంబం రత్నమణిది.

వానలు దగ్గరికి వచ్చేశాయి. వస్తే గుంతలన్నీ పూడిపోతాయి. కాబట్టి నువ్వు వచ్చేటప్పుడు ఒట్టి చేతులతో రాకు. మీ ఇంజనీరుగారిని కూడా జీపులో ఎక్కించుకుని రా, ఇద్దరికీ ఆకులు వేసి ఉంచుతాను. ఇక్కడ గుంతలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, కంబాలు తీసుకుని రండి.

మీ దారి చూస్తూ గడ్డపార ఇంకా కడగని
అక్క,
జీవమ్మ